చోర్‌బగాన్‌లో చలువరాతి మేడ

కలకత్తా వెళ్ళి వచ్చినవారిని ఏమేమి చూశారని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, హౌరా వంతెన, తీరిక ఉంటే బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రిచెట్టు. వీటిని గురించి మన పత్రికలోనే సహోద్యోగులు కొందరు చక్కగా వ్రాసియున్నారు. వాటినే మరల వర్ణించి పాఠక మిత్రుల ఓపికను పరీక్షింపబోము. ఆ జాబితాలో సాధారణంగా చోటు దక్కని ఒక ఇంటిని గురించి మాత్రమే ఈ నాలుగు మాటలు. 2001లో నగరం పేరు అధికారికంగా కోల్‌కతా అయినప్పటికీ మనవారి నోట అది నేటికీ కలకత్తాయే గనుక, ఇక్కడ ఆ పేరే వాడుతున్నాము.

ఉద్యోగ జీవితంలో మాకు మిగిలిన చివరి ఎల్.టి.సి. ఇది. వచ్చే జనవరి నెలాఖరున పదవీ విరమణ. ఆపైన క్వార్టరు ఖాళీ చేసి నగరంలో రెండు పడక గదుల ఫ్లాటులోకి మారవలసి ఉన్నది. సామాను తగ్గించుకొనే విషయమై ఇంట్లో ఆరు నెలలుగా చర్చలు సాగుతున్నవి. ఈ అనుభవం మనలో చాలామందికి ఉన్నదే, లేనివారికి ముందున్నదే. మంచాలు, బీరువాలు, కుట్టుమిషను సంగతి తేలిపోయింది. తేలనిది పడకగదిలో మంచం క్రింద ఉన్న రెండు ఇనుప ట్రంకు పెట్టెల వ్యవహారం.

ఆ పెట్టెలు మా నాన్నగారివి. వారు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు పల్లెలలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేశారు. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి, కిలోలు, లీటర్లు క్రమంగా సంతలలోనికి దిగిన కాలమది. కుంచాలు, అడ్డలు, మానికలు, తవ్వలు, సోలలు, గిద్దలు ఇళ్ళలో మూలబడుతున్నవి. నాన్నగారు బదిలీ అయిన ప్రతి ఊరిలోనూ వాటిని అడిగి తెచ్చుకొనేవారు. ఇత్తడివి, ఇనుపవి, వెదురు బొంగుతో చేసినవి, కొయ్య తొలిచి చేసినవి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని లెక్క అందరికీ ఒక్కటే గాని, ఒక ఊరి కుంచం ఇంకొక ఊరి కుంచంతో సరిగా తూగేది కాదు. ఆ తేడాయే వారికి ముచ్చట. మొత్తం నలభైమూడు పాత్రలు. ఇత్తడి వ్యాపారి ఒకరు వచ్చి చూసి కిలో లెక్కన ధర చెప్పి వెళ్ళారు. తాతగారి గుర్తుగా రెండు ఉంచుకొని మిగిలినవి ఇచ్చివేద్దామని అమ్మాయి అన్నది. ఆ మాటలో తప్పు లేదు. మాకు మాత్రం ఔననడానికీ కాదనడానికీ నోరు రాలేదు. ఈ సంశయాన్ని వెంటబెట్టుకొనే కలకత్తా బండి ఎక్కాము.

విశాఖ నుండి హౌరాకు ఒక రాత్రి ప్రయాణం. స్టేషను వెలుపలికి రాగానే ఎదుట నిలిచే వంతెనను చూసి, ఉక్కుతో పని ఉన్నవారెవరైనా ఒక్క క్షణం ఆగక తప్పదు. 1943లో రాకపోకలకు తెరచిన ఈ వంతెనకు సుమారు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. నట్లు, బోల్టులు లేవు, అంతా రివెట్ల బంధమే. వర్ణన చేయబోమన్న మాట అప్పుడే తప్పుతున్నాము, మన్నించగలరు.

మేము చూడదలచిన ఇంటి పేరు మార్బుల్ ప్యాలెస్. రాజప్రాసాదమని పేరే గాని రాజ్యమేలిన వంశానిది కాదు. వర్తక కుటుంబం కట్టించుకొన్న నివాసం, నేటికీ ఆ వంశీయులు ఉంటున్న ఇల్లు. అందుచేత టిక్కెట్టు లేదు గాని, అనుమతి కావాలి. పర్యాటక శాఖ కార్యాలయంలో గుర్తింపు పత్రం చూపి ముందురోజే అనుమతి చీటీ తీసుకొన్నాము. సోమ, గురువారాలు సెలవు. మిగిలిన రోజులలో ఉదయం పది నుండి సాయంత్రం నాలుగు వరకు చూడవచ్చు. వెళ్ళదలచినవారు బయలుదేరే ముందు ఈ వేళలు మరొకసారి విచారించుకొనుట మంచిది. లోపల ఫోటోలు తీయరాదు. అమ్మాయికి ఇది కొంచెం నిరాశ కలిగించినా, చేతిలో ఫోను లేకపోవడం వలన ఆనాడు తను మాకంటే ఎక్కువ చూసిందని తరువాత తెలిసింది.

మెట్రో రైలులో మహాత్మా గాంధీ రోడ్ స్టేషనులో దిగి చిత్తరంజన్ అవెన్యూ మీదికి వచ్చాము. మన దేశంలో మొదటి మెట్రో ఇదే, 1984లో ఆరంభమైనది. అక్కడి నుండి కొద్ది దూరం నడక. ఇరువైపులా పాత మేడలు, వాటి గోడల పగుళ్ళలో మొలచిన రావి మొక్కలు, మూటలతో పోతున్న తోపుడు బండ్లు, మట్టి పిడతలలో తేనీరు. ముక్తారాం బాబు వీధిలోకి మలుపు తిరిగితే ఆ సందడి ఒక్కసారిగా తగ్గుతుంది. ఈ పేటను చోర్‌బగాన్ అంటారు. అనగా దొంగల తోట. పూర్వం ఇక్కడ తోటలు, వాటిలో దాగే దొంగలు ఉండేవారట. దొంగల తోటలో ఇంత సంపదను తెచ్చి పెట్టుకొన్న ధైర్యాన్ని మా శ్రీమతి దారి పొడవునా మెచ్చుకొంటూనే ఉన్నది.

ఇనుప గేటు దాటగానే పచ్చిక, దాని మధ్య తెల్లని విగ్రహాలు. సింహాలు ఒక ప్రక్క, బుద్ధుడొక చోట, మేరీమాత ఒక చోట, వారికి తోడు క్రిస్టఫర్ కొలంబస్. ఈ నలుగురిని ఒక్క తోటలో నిలబెట్టాలన్న ఆలోచన ఎవరికి కలిగి ఉంటుందా అని ఆశ్చర్యం కలుగుతుంది. వారి వెనుక, నునుపైన గాడులు తీర్చిన ఎత్తైన స్తంభాలతో మూడంతస్తుల మేడ. స్తంభాలు గ్రీకు దేశపు పద్ధతి, వరండాల వాలు కప్పులు చైనా మండపాల తీరు, లోపలి చావడి వంగదేశపు ఇంటి తీరు. పుస్తకంలో చదివితే కలగాపులగం అనిపించేది, ఎదుట నిలిచి చూసినప్పుడు ఎబ్బెట్టుగా లేదు.

ఈ ఇంటిని కట్టించినది రాజేంద్ర మల్లిక్. సువర్ణవణిక్కుల కుటుంబానికి చెందిన నీలమణి మల్లిక్ గారి దత్తపుత్రుడు. జననం 1819లో. ఇంటి నిర్మాణం ఆరంభమైనది 1835లో. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వేసుకొని చూడండి. కుర్రవానికి పదహారేళ్ళు! పెంపుడు తండ్రి ఈ బాలుని పసితనంలోనే గతించగా, సుప్రీంకోర్టువారు జేమ్స్ వియర్ హాగ్ అనే ఆంగ్లేయ న్యాయవాదిని సంరక్షకునిగా నియమించారు. తరువాతి కాలంలో ఈయనే ఈస్టిండియా కంపెనీ అధ్యక్షుడయ్యాడు. తెల్లదొర సంరక్షణలో పెరిగిన వైష్ణవ కుటుంబపు పిల్లవాడు ఒక చేత జగన్నాథస్వామిని, మరొక చేత యూరపు శిల్పాలను పట్టుకొని పెరిగాడన్నమాట. నీలమణి మల్లిక్ కట్టించిన జగన్నాథుని గుడి ఈ మేడకంటే ముందటిది. నేటికీ ఆవరణలోనే ఉన్నది. అయితే అది ఇంటివారి గుడి, సందర్శకులకు ప్రవేశం లేదు.

మాకు ఇల్లు చూపుటకు వచ్చిన పనిమనిషి వయసు మళ్ళినవాడు. హిందీ, బెంగాలీ కలగలిపి గబగబా చెప్పుకుపోతున్నాడు. ఆ ధోరణిని కొంతసేపు విన్న మా శ్రీమతి, "మీది ఏ ఊరు భాయినా?" అని ఒరియాలో అడిగింది. ఆమె పుట్టినిల్లు ఇచ్ఛాపురం ప్రక్క, అక్కడ ఇంటింటా రెండు భాషలూ వాడుకే. అతడు ఆగి వెనుదిరిగి చూశాడు. గంజాం జిల్లావాడట. ఇచ్ఛాపురం నుండి గంటసేపటి ప్రయాణం. ఆ క్షణం నుండి మేము సందర్శకులం కాము, ఊరివారము. "మా" అని ఆమెను సంబోధిస్తూ, గబగబా నడిచే నడక మాని, ప్రతి గదిలోనూ నిలబడి చెప్పసాగాడు.

క్రింది అంతస్తులో మొదట కంటబడేది విక్టోరియా రాణి. చలువరాతిది కాదు, కొయ్యది. ఒకే ఒక్క రోజ్‌వుడ్ మానును తొలిచి చేసినదట. నిలువెత్తు మనిషికంటె పెద్దది. అంత లావు మాను ఏ అడవిలో పెరిగినదో గాని, నల్లగా నిగనిగలాడుతూ గది సగం ఆక్రమించి నిలిచియున్నది. కలకత్తాలో రాణిగారి విగ్రహమంటే అందరూ మైదానం వైపు పరుగెడతారు. మా మటుకు మాకు ఈ కొయ్య రాణియే నచ్చింది. ఎవరి చేతి పనియో ఎదుట వ్రాసి లేదు.

ఆపైన శిల్పాల చావడి. గ్రీకు, రోమను పురాణ పురుషులు, దేవతలు, పాశ్చాత్య రాజుల శిరస్సులు, చైనా, జపాను దేశాల జాడీలు ఒకదాని ప్రక్కన ఒకటి. నేల మీద రంగురంగుల చలువరాళ్ళను కోసి అతికిన పూవులు, చుక్కలు. ఈ రాళ్ళ వలననే ఇంటికి ఆ పేరు. నడిమి చావడి ఆకాశానికి తెరిచి ఉంటుంది. ఒక ప్రక్క పూజామండపం, దానినే వారు ఠాకూర్ దాలాన్ అంటారు. వరండాలో పక్షుల పంజరాలు వ్రేలాడుతున్నవి. వాటిలో ఒక చిలుక, వీనస్ విగ్రహాన్ని చూస్తూ ఆపకుండా అరుస్తున్నది. మ్యూజియములలో పక్షుల కూతలు వినబడవు. ఎక్కడో వంటయింట్లో పోపు వేసిన వాసన కూడా వచ్చింది. ఇది ఇల్లు, మనం పరుల ఇంట తిరుగుతున్నామన్న స్పృహ అప్పుడు కలిగింది. గొంతులు తగ్గించుకొన్నాము.

మేడమీద నాట్యశాల. గోడల నిండా నేల నుండి కప్పు దాకా నిలువుటద్దాలు, వాటి మధ్య బరువైన దీపపు గుత్తులు. ఎదురెదురు అద్దాలలో ఒక దీపపు గుత్తి నూరై, నూరు వేయియై ఎక్కడికో పోతూ ఉంటుంది. అమ్మాయి ఆ రెండు అద్దాల నడుమ నిలబడి తనను తాను లెక్కపెట్టుకొన్నది. పదకొండు వరకు లెక్క అందిందట. కొన్ని అద్దాల రసం మచ్చలు పడింది. గడియారాలు అనేకం, కొన్ని నడుస్తున్నవి, కొన్ని ఏనాడో ఆగినవి. తెరలు మూసిన గదులలో వెలుగు తక్కువ. నదీతీరపు తేమ గాలి, వర్షాకాలపు చెమ్మ, బొగ్గు పొగల కాలంనాటి మసి, వీటన్నిటినీ నూట ఎనభై ఏండ్లకు పైగా తట్టుకొన్న గుడ్డ మీద రంగులు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. దగ్గరకు పోతే గాని మొగములు తెలియవు.

ఆ చిత్రాలను గురించి కొంచెం నిదానించి చెప్పవలసి ఉన్నది. ఈ ఇంటి ఖ్యాతికి మూలం అవే. రూబెన్స్ చిత్రాలు రెండు ఇక్కడ ఉన్నవని ప్రసిద్ధి. సెయింట్ క్యాథరిన్ వివాహం ఒకటి, సెయింట్ సెబాస్టియన్ బలిదానం మరొకటి. ఇంగ్లీషు చిత్రకారుడు సర్ జాషువా రెనాల్డ్స్ చిత్రాలు కూడ రెండు చెబుతారు. వాటిలో ఒకటి, పసివాడైన హెర్క్యులిస్ పాములను పిసికి చంపుతున్న దృశ్యం. మన కృష్ణుని కాళియమర్దనం తెలిసినవారికి ఈ కథ క్రొత్త కాదు. మా మార్గదర్శి కూడ దానిని అట్లే చెప్పాడు, "అదిగో మా, వాళ్ళ బాలకృష్ణుడు" అని.

ఇక చిక్కు ఇక్కడ ఉన్నది. రెనాల్డ్స్ గీసిన హెర్క్యులిస్ చిత్రం రష్యా రాణి క్యాథరిన్ కోరిక మీద 1780 దశకంలో తయారైనది. అది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియములో ఉన్నది. మరి చోర్‌బగాన్‌లో ఉన్నది ఏమిటి? చిత్రకారుడే మరల వ్రాసినదా, శిష్యుడు వ్రాసినదా, చూసి తీసిన నకలా? రూబెన్స్ విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలం. 1640లో మరణించిన ఆ మహాశయుడు ఆంట్వర్ప్ నగరంలో ఒక పెద్ద చిత్రశాల నడిపాడు. శిష్యులు గీయగా గురువు తుది మెరుగులు దిద్దినవి, గురువు చూపు మాత్రమే సోకినవి, తరువాతివారు అమ్మకానికి నకలు తీసినవి యూరపు అంతటా కోకొల్లలు. ఏది ఏ తరగతిదో తేల్చవలెనంటే ఎప్పుడు, ఎవరి వద్ద, ఏ ధరకు కొన్నారన్న కాగితాలు కావాలి. మేము చూసినంతలో పటాల క్రింద చీటీలు లేవు. భాయినా చెప్పినదే చీటీ. తనకు ముందున్నవాడు చెప్పగా తాను విన్నాడట, అతనికి అతని మేనమామ చెప్పెనట.

"ఈయన రేపు ఊరికి పోతే?" అని అమ్మాయి తెలుగులో నెమ్మదిగా అన్నది. మేము బదులు చెప్పలేదు. మంచం క్రింది ట్రంకు పెట్టెలే కళ్ళ ముందు మెదిలాయి.

ఇటువంటి ఇంటిని చూస్తున్నప్పుడు తెలుగువారికి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము గుర్తుకు రాక మానదు. అక్కడ గంట గంటకు బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం చుట్టూ మూగే జనం సంగతి ఎరుగనివారెవరు? ఆ గడియారాన్ని అమర్చినది కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ. రెండు ఊళ్ళ ధనికులూ ఒకే దుకాణాల చుట్టూ తిరిగారన్నమాట. అయితే ఆ రెండు సేకరణల జాతకాలు వేరు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ అవివాహితునిగా 1949లో మరణించారు. వారసులు లేరు. 1951లో వారి దివాన్ దేవిడీలోనే మ్యూజియము తెరువబడి, 1961లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా పార్లమెంటు చట్టం చేయగా, 1968లో మూసీ ఒడ్డున నేటి భవనానికి తరలింది. ఆ వస్తువులకు అంకెలు పడ్డవి, చీటీలు పడ్డవి, గాజు పెట్టెలు వచ్చినవి. సేకరించినవారి ఇల్లు మాత్రం పోయింది. దివాన్ దేవిడీలో నేడు మిగిలినది ద్వారం, బజారు.

రాజేంద్ర మల్లిక్ వేరే మార్గం త్రొక్కారు. మరణించిన సంవత్సరం 1887లోనే వీలునామా వ్రాసి తన ఆస్తులను కులదైవమైన జగన్నాథుని పరం చేశారు. వంశీయులు ఆ స్వామి సేవకులు. ఇంట నివసింపవచ్చు, స్వామి సేవ, అన్నదానం జరిపించవలెను. ఈ ఏర్పాటు ఆదాయపు పన్ను శాఖవారికి కొరుకుడు పడక వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆస్తి దేవునిదా, సేవకులదా అన్నదే వాదన. 1970 దశకంలో న్యాయస్థానం అది దేవుని ఆస్తియేనని తేల్చింది. మన అకౌంట్స్ విభాగం మిత్రులకు ఆ తీర్పు ఆసక్తికరంగా ఉండవచ్చును. మాకు మాత్రం వేరొక సంగతి తోచింది. ఎవరి సొత్తూ కాదని వ్రాసిపెట్టడం వలననే ఇవి పంపకాలకు, వేలంపాటలకు చిక్కకుండ ఒక్క కప్పు క్రింద నిలిచినవి కాబోలు. ఒరియా భాయినాకు వీలునామాలు తెలియవు. "ఇదంతా మా జగన్నాథునిది, మేము చీపురు పట్టినవాళ్ళము" అని మాత్రం అన్నాడు. ఆ "మేము"లో యజమానులను కూడ కలిపే చెప్పాడు.

అన్నదానం అనగా ఏదో పర్వదినాన జరిపే తంతు కాదు. 1866 నాటి ఒరిస్సా కరవులో వేలాదిగా నగరం చేరిన క్షుధార్తులకు ఈ ఇంటివారు భోజనం పెట్టారు. గంజాం ప్రాంతాన్ని కూడ ఆ కరవు కబళించిన సంగతి మన ఉత్తరాంధ్ర పెద్దలు చెప్పగా విన్నదే. ఆ సేవకుగాను ప్రభుత్వం రాజేంద్ర మల్లిక్‌కు రాయ్ బహదూర్ బిరుదమిచ్చింది, 1878లో రాజా బహదూర్ అన్నది. బిరుదు మాట అటుంచి, పేదలకు అన్నం పెట్టే ఆచారం నేటికీ ఆగలేదు. మేము వెలుపలికి వచ్చునప్పటికి మధ్యాహ్నమైనది, ఆవరణ ప్రక్కన పళ్ళెములతో జనం వరుసగా కూర్చుంటున్నారు. ఒక ముసలమ్మ తన పళ్ళెమును చీర కొంగుతో తుడుచుకొంటూ మమ్ము చూసి, మీరూ కూర్చొనండన్నట్లు చోటు చూపింది.

ప్రక్కనే చిన్న జంతుశాల ఉన్నది. రాజేంద్ర మల్లిక్‌కు పక్షుల పిచ్చి కూడ ఎక్కువే. 1876లో అలీపూరు జంతుప్రదర్శనశాల తెరచినప్పుడు ఆయన పక్షులను, జంతువులను కానుకగా ఇచ్చారు. అక్కడ మల్లిక్ హౌస్ అని ఆయన పేర ఒక కట్టడం ఉన్నది. ఇంట మిగిలినవి ఇప్పుడు కొద్దిపాటి జింకలు, నెమళ్ళు, నీటి పక్షులు. నేలపట్టులో చెట్ల నిండా గుంపులుగా చూసిన గూడబాతులను ఇక్కడ చిన్న మడుగు ప్రక్క చూస్తే మనసు కొంచెం చివుక్కుమన్నది. రాళ్ళను, రంగులను సేకరించుట ఒక ఎత్తు, రెక్కలున్నవాటిని సేకరించుట ఇంకొక ఎత్తు. దీనిపై మా ఇంట్లోనే భిన్నాభిప్రాయాలున్నవి. అమ్మాయి గూడబాతు దగ్గర నుండి కదలనే లేదు.

వీడ్కోలు చెప్పుతూ మా శ్రీమతి సంచిలోని కొబ్బరి ఉండలు భాయినా చేతిలో పెట్టింది. అతడు వాటిని కళ్ళకద్దుకొని, ఇచ్ఛాపురం దారిన పోవునప్పుడు స్వామికి ఒక దీపం పెట్టమని కోరాడు.

సాయంత్రం దాకా వేళ ఉండుటచే జొడాసాంకోలోని ఠాకూర్‌బాడీ చూశాము. రవీంద్రులు 1861లో పుట్టినది, 1941లో కన్నుమూసినది ఆ ఇంటనే. దానిని గురించి వ్రాయుటకు వేరొక వ్యాసం కావలె. అక్కడి నుండి పాతురియాఘాటా పోయి టాగోర్ క్యాజిల్ ఎక్కడని అడిగాము. అదే కుటుంబంలో వేరొక శాఖవారైన జతీంద్రమోహన్ టాగోర్ 1890 దశకంలో ఇంగ్లండు కోటల నమూనాలో బురుజులు, గోపురం పెట్టి తీర్చిన భవనమది. దాని ఎదుట నిలబడియే దారి అడుగుతున్నామని ఒక దుకాణదారు నవ్వుతూ చెప్పాడు. తలయెత్తి చూస్తే, తరువాత అతికించిన గదులు, బట్టలు ఆరవేసిన త్రాళ్ళు, నామఫలకాల నడుమ నుండి ఒక బురుజు కొన మాత్రం కనబడింది. కోట ఏది, అతుకు ఏది తెలియలేదు. చోర్‌బగాన్‌లో దుమ్ము ఉన్నదని ప్రొద్దున మేము సణిగిన సణుగుడు అక్కడ గుర్తుకు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో బండి బరంపురం దాటిన తరువాత మా శ్రీమతి ఉన్నట్టుండి అడిగింది. "ఏమండీ, ఆ పెద్ద కుంచం మావయ్యగారు ఏ ఊళ్ళో తెచ్చారు?" మందస అన్నాము. "మరి అంచుకు రాగి కట్టు వేసినది?" తెలియలేదు. "వెదురు సోల?" అదీ తెలియలేదు. నాన్నగారు ఉండగా ఆదివారంనాడు వాటిని చింతపండుతో తోమిస్తూ ఒక్కొక్కదాని కథ చెప్పేవారు. వినీవినకుండ, సెకండ్ షిఫ్టుకు వేళవుతున్నదని సైకిలు తీసినవారము మేమే. ఇచ్ఛాపురంలో బండి ఆగింది నిమిషమే. దీపం పెట్టుటకు వీలుకాలేదు, ఆ బాకీ ఉన్నది.

ఇల్లు చేరిన తరువాత రెండు ఆదివారాలు ట్రంకు పెట్టెలు హాలులోకి లాగి కూర్చొన్నాము. అమ్మాయి అట్టముక్కలు కత్తిరించి దారం కట్టింది. ఒక్కొక్క పాత్రలో బియ్యం పోసి, అవి ఎన్ని గ్రాములు పట్టినదీ వంటింటి త్రాసు మీద తూచి, అట్టపై వ్రాసింది. తెలిసినచోట ఊరి పేరు, ఇచ్చినవారి ఇంటిపేరు, సంవత్సరం వ్రాశాము. మూడు తవ్వలు మూడు రకాలుగా తూగినవి. మా అక్కగారికి ఫోను చేయగా ఆరింటి ఊళ్ళు చెప్పింది, వాటిలో రెండింటి విషయమై మా బావగారు ఒప్పుకొనలేదు. మొత్తం నలభైమూడింటిలో ఇరవైయారింటికి చీటీలు పడ్డవి. ఇత్తడి వ్యాపారి మరల వచ్చినప్పుడు అమ్మాయే ఎదురు వెళ్ళి ఇంకా లెక్క తేలలేదని పంపివేసింది. ఫ్లాటులో ఎక్కడ పెట్టాలన్నది మాత్రం నేటికీ తేలలేదు. బాల్కనీ అని ఆమె అంటున్నది, వాన పడుతుందని మేమంటున్నాము.

పదిహేడు పాత్రలు ఇంకను ఊరూ పేరూ లేక ఉన్నవి. వాటిలో రాగి కట్టు కుంచం, వెదురు సోలలు రెండు, అడుగున చేప గుర్తు చెక్కిన కొయ్య మానిక ముఖ్యమైనవి. పలాస, సోంపేట, టెక్కలి, పార్వతీపురం, సాలూరు ప్రాంతాల నుండి వచ్చిన సహోద్యోగులు మన టౌన్‌షిప్‌లో చాలామంది ఉన్నారు. వారి ఇళ్ళలో పెద్దవారెవరైనా ఉన్నచో, ఒక సాయంత్రం వారిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చి వీటిని చూసి, ఏ ఊరి చేతి పనియో చెప్పగలిగితే మిక్కిలి సంతోషిస్తాము. జనవరి నెలాఖరు దాకా క్వార్టరులోనే ఉంటాము. ఆదివారాలు రోజంతా ఇంటనే ఉంటాము.